పట్టాలు పీకిన వీధులు

1953వ సంవత్సరం అనగానే మనకు ఆంధ్ర రాష్ట్రావతరణ స్ఫురిస్తుంది. ఆ ఏడు మార్చి 25న ప్రధాని నెహ్రూ, మద్రాసు నగరాన్ని మినహాయించి కొత్త రాష్ట్రం ఏర్పడుతుందని పార్లమెంటులో ప్రకటించారు. ఆ తరువాత మూడు వారాలు కూడా తిరగకుండానే, ఏప్రిల్ 12న, అదే మద్రాసులో ట్రాములు శాశ్వతంగా నిలిచిపోయాయి. మొదటి సంఘటన మీద మనం ఎన్నో పుటలు నింపుకున్నాము. రెండవదాన్ని అంతగా పట్టించుకోలేదు. నగరమే చేజారిపోతున్న వేళ ట్రాముబండి ఎవరికి గుర్తుంటుంది?

అయినా అది మరిచిపోదగిన బండి కాదు. 1895 మే 7న మద్రాసులో మొదలైన విద్యుత్ ట్రాము ఈ దేశంలోనే మొట్టమొదటిది. బొంబాయిలో అప్పటికింకా గుర్రాలే ట్రాములను లాగుతున్నాయి. అక్కడికి కరెంటు ట్రాము 1907లో గానీ రాలేదు. కలకత్తాకు 1902లో వచ్చింది. మద్రాసులో తొలుత తీగలు పైన ఉండేవి కావు. రోడ్డులోనే పట్టాల వెంబడి కాలువలాంటి సందు తవ్వి, దానిలోనుండి విద్యుత్తు అందించేవారు. కాగితం మీద ఎంతో ముచ్చటైన ఏర్పాటు. ఈశాన్య ఋతుపవనం వచ్చి ఆ సందులన్నీ నీటితో నింపేసరికి, చెన్నపట్నపు వానలు ఎలాంటివో కంపెనీవారికి తెలిసివచ్చింది. ఆపైన స్తంభాలు నాటి, తీగలు లాగి, బండి నెత్తిన గడ అమర్చి నడిపారు. 1921 నాటికి 24 కిలోమీటర్ల దారిలో 97 బండ్లు తిరిగేవి.

ఆ ట్రాములు తిరిగిన కాలంలో మద్రాసు సగం తెలుగువారి ఊరన్న సంగతి చెప్పనక్కరలేదు. ఆంధ్రపత్రిక కార్యాలయం జార్జిటౌనులోని తంబుచెట్టి వీధిలో. నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగ్ ఎక్కడో దూరాన మైలాపూరులో. పత్రికలు, ముద్రాపకులు, పుస్తక విక్రేతలు ఒక కొసన; ఇళ్ళు, సభలు మరో కొసన. ఈ రెంటినీ కలిపి కుట్టిన దారాలలో ట్రాము ఒకటి. మన సాహిత్య చరిత్రలలో ఎవరు ఎవరిని ప్రభావితం చేశారో ఉంటుంది గాని, ఎవరు దేనిమీద ఎక్కి ఎవరి ఇంటికి వెళ్ళారో ఉండదు. నా మటుకు నాకు రెండవ ప్రశ్న కూడా సాహిత్య చరిత్రకు చెందినదే.

నష్టాలలో కూరుకుపోయిన కంపెనీ చేతులెత్తేసింది. అప్పటికే 1947-48లలో నగరంలో బస్సులు ప్రభుత్వపరమయ్యాయి. ట్రాము వదిలిన దారిని బస్సు ఆక్రమించింది. పాతది పోయింది, కొత్తది వచ్చింది, ఇది కాలధర్మం అని సాధారణంగా ఈ కథను ముగిస్తారు. నా అభ్యంతరం ఇక్కడే.

కాలధర్మమే అయితే అది అన్ని ఊళ్ళలో ఒకేలా పనిచేయాలి కదా! మెల్‌బోర్న్ నగరంలో బూర్క్ వీధి సంగతి చూడండి. రోడ్డు కింద కదిలే ఇనుప మోకును పట్టుకుని నడిచే పాతకాలపు ట్రాములు అక్కడ 1940లో ఆగిపోయాయి. వాటి స్థానంలో రెండంతస్తుల బస్సులు వేశారు. జనం పట్టలేదు, బస్సులు తట్టుకోలేకపోయాయి. పదిహేనేళ్ళ తరువాత, 1955లోనూ 1956లోనూ, అదే వీధిలో కొత్తగా పట్టాలు పరచి విద్యుత్ ట్రాములు నడిపారు. నేడు ఆ వీధిలో తిరిగే 86, 96 నంబరు ట్రాములు వాటి వారసులే. లోకమంతా ట్రాములను తీసివేస్తున్న రోజులలో వాటిని నిలబెట్టినవాడు అక్కడి ట్రాము బోర్డు అధ్యక్షుడు రాబర్ట్ రిసన్. ఆయన పట్టాలను కాంక్రీటులో పాతించాడు. తరువాత వచ్చేవారు పీకుదామన్నా ఖర్చుకు జడిసి వెనుకాడాలి! ఇంతకంటే గడుసు రాజనీతిని నేను చాణక్యుడి కథలలో కూడా వినలేదు. ఇప్పుడది సుమారు 250 కిలోమీటర్లతో ప్రపంచంలోకెల్లా పెద్ద ట్రాము వ్యవస్థ. మన తెలుగువారు వేలమంది దానిమీదే కొలువులకు పోతున్నారు.

బస్సును నేను తూలనాడడం లేదు. ట్రాముకున్న దోషాలు చిన్నవేమీ కావు. ఒక్క బండి చెడితే వెనకాల వరుసంతా ఆగిపోవలసిందే. వీధి నడుమ దిగిన ప్రయాణికుడు మోటార్లను తప్పించుకుంటూ గట్టున పడాలి. ఊరు కొత్త దిక్కుకు పెరిగితే ట్రాము వెంటనే అటు తిరగలేదు, బస్సు తిరుగుతుంది. ఇవన్నీ నిజమే. అయితే ఈ పోటీ సమానుల మధ్య జరిగినది కాదు. 1870 నాటి బ్రిటిష్ ట్రాము చట్టం ప్రకారం పట్టాలే కాక, పట్టాల నడుమనున్న రోడ్డును కూడా ట్రాము నడిపేవారే బాగుచేయాలి. బస్సు మాత్రం అందరి పన్నులతో వేసిన రోడ్డు మీద తిరుగుతుంది. తన బాట ఖర్చు తానే మోసేదాన్ని, ఆ బరువు లేనిదాని పక్కన నిలబెట్టి లాభనష్టాలు బేరీజు వేస్తే వచ్చే ఫలితం ముందే తెలిసినది కాదా?

అసలు తేడా మరొకటుంది. పట్టా అనే మాటకు మనకు భూమి హక్కుపత్రం అన్న అర్థం కూడా ఉంది. ఇది కేవలం శబ్దసామ్యమే కావచ్చు, కాని నాకు చాలా నచ్చిన సామ్యం. వీధిలో ఇనుపపట్టా ఉన్నంతవరకు ఇక్కడ బండి వస్తుందన్న హామీ నేలమీద రాసి ఉన్నట్లే. దాన్ని రద్దు చేయాలంటే గునపాలు కావాలి, నలుగురూ చూస్తుండగా తవ్వాలి. బస్సు మార్గాన్ని రద్దు చేయడానికి ఒక కాగితం చాలు. మరునాడు ఆ స్టాపులో నిలబడ్డవాడికి తప్ప మరెవరికీ తెలియదు.

ట్రాము ఎరుగని హైదరాబాదుకు ఈ గోల ఎందుకనుకోవచ్చు. అక్కడ 1932లో నిజాం రైల్వే వారే 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించారు. దేశంలో అది ముందడుగే. కాని 2019లో ఆర్టీసీ కార్మికుల 52 రోజుల సమ్మె ముగిశాక, నగరంలో వందల బస్సులను తగ్గించినప్పుడు ఏ వీధిలోనూ మచ్చ మిగలలేదు. ఎక్కేవారు ఆటోలను వెతుక్కున్నారు. అదే 1953 జూలైలో, మద్రాసు ట్రాములు నిశ్శబ్దంగా పోయిన మూడు నెలలకు, కలకత్తాలో రెండవ తరగతి ట్రాము టిక్కెట్టు ఒక్క పైసా పెంచినందుకు ఊరు ఊరంతా రగిలింది. ట్రాములు తగలబడ్డాయి, చివరకు పెంపు ఆగిపోయింది. తగలబెట్టడాన్ని మెచ్చుకోను. అయితే ఒక పైసా కోసం అంత పోరాడినవారు ఆ ట్రామును తమదనుకున్నారన్నది స్పష్టం, యాజమాన్యం బ్రిటిష్ కంపెనీదైనా సరే.

ఆ అనుబంధం కళలోకీ ఎక్కింది. సత్యజిత్ రాయ్ 'మహానగర్' సినిమా పేర్లు పడేటప్పుడు తెరమీద కనిపించేది తీగను రాసుకుంటూ సాగే ట్రాము గడ. విషాదమూ ఉంది: కవి జీవనానంద దాస్ 1954 అక్టోబరులో ట్రాము తగిలి ఆ గాయాలతోనే మరణించాడు. ఆ కలకత్తాలో కూడా, ఒక్క ఎస్‌ప్లనేడు-మైదానం దారిని వేడుకగా ఉంచి మిగిలిన ట్రాములను ఆపివేస్తామని 2024 సెప్టెంబరులో ప్రభుత్వం ప్రకటించింది. చెప్పిన కారణం రద్దీ. ఒక్కొక్కరే కూర్చుని పోయే కార్ల వల్ల వచ్చిన రద్దీకి శిక్ష వందమందిని మోసే బండికి! వేడుక ట్రాము పర్యాటకులకు పనికివస్తుంది. పొద్దున్నే కూరగాయల గంపతో సంతకు పోయే మనిషికి దానితో పని లేదు.

మద్రాసు ట్రాము ఆగిననాటికి పదేళ్ళున్న పిల్లవాడికి ఇప్పుడు ఎనభై దాటి ఉంటాయి. మీ ఇళ్ళలో ఆనాడు చెన్నపట్నంలో ఉన్న తాతగారో అమ్మమ్మగారో ఉంటే, టిక్కెట్టు ఎంతో, ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగేవారో, గంట ఎలా మోగేదో అడిగి రాసిపెట్టండి. ఊరు మనకు దక్కకపోయినా, అందులో మనవాళ్ళు తిరిగిన దారులైనా దక్కుతాయి.