కొలిస్తేనే కనిపించే కాలుష్యం

డిగ్రీ చదివే పిల్లలున్న ఇంట్లో ఓ పుస్తకం తప్పకుండా ఉంటుంది. అదే పర్యావరణ పాఠ్యపుస్తకం. బీఏ అయినా, బీకామ్ అయినా, ఇంజినీరింగ్ అయినా ఆ సబ్జెక్టు చదవాల్సిందే. పరీక్ష ముందురోజు రాత్రి తెరిచి, మర్నాడు సాయంత్రానికల్లా అటకెక్కించేవారే ఎక్కువ. కానీ ఆ పుస్తకం ఊరికే రాలేదు. దాని వెనక పెద్ద కోర్టు కేసే ఉంది!

పర్యావరణాన్ని చదువులో భాగం చేయాలంటూ న్యాయవాది ఎం.సి.మెహతా సుప్రీంకోర్టు తలుపు తట్టారు. 1991 నవంబరులో కోర్టు సరేనంది. ఆచరణ మాత్రం నత్తనడకే. 2003 డిసెంబరులో మరోసారి గట్టిగా ఆదేశించాక, యూజీసీ రూపొందించిన ఆరునెలల కోర్సు అన్ని డిగ్రీల్లోకీ వచ్చింది. మొత్తం 50 తరగతులు. వాటిలో అయిదింటిని తరగతి గది బయటి పనికే కేటాయించారు. చెరువో, వాగో, దగ్గర్లో కాలుష్యం బారిన పడిన చోటో చూసొచ్చి రాయాలి. పక్కవాడి రికార్డు చూసి ఎక్కించేసే పిల్లలకు తెలియదుగానీ, అసలు చదువు మొదలయ్యేది అక్కడే.

సీసాలోకి చెరువు

ఇదే సబ్జెక్టును ఎమ్మెస్సీలో తీసుకున్నవారికి చెరువు గట్టే ప్రయోగశాల. నీటిలో కరిగిన ఆక్సిజన్ ఎంతుందో తెలిస్తే అందులో చేప బతుకుతుందో లేదో చెప్పొచ్చు. ఒక్క గాలిబుడగ కూడా లేకుండా సీసా నింపి, గట్టు మీదే రెండు రకాల ద్రావణాలు కలుపుతారు. ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి దిగుతుంది. లేదంటే తెల్లగానే ఉండిపోతుంది. 'ల్యాబ్‌కి వెళ్లాక చూద్దాంలే' అనుకుంటే కుదరదు. సీసాలోని సూక్ష్మజీవులు దారిపొడవునా ఆక్సిజన్ వాడేసుకుంటాయి. లెక్క తప్పుతుంది, చేయని తప్పు చెరువు మీద పడుతుంది!

రెండో సీసాను చీకట్లో, 27 డిగ్రీల వేడిలో మూడు రోజులు ఉంచుతారు. ఆలోగా ఎంత ఆక్సిజన్ ఖర్చయిందో చూస్తే నీటిలో కుళ్లే పదార్థం ఏ మేరకు ఉందో తేలుతుంది. దీన్నే బీవోడీ అంటారు. స్నానాలు చేసే రేవులో ఇది లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటకూడదు.

మట్టిదీ ఇదే తంతు. పొలంలో ఒక్కచోట గుప్పెడు తీస్తే సరిపోదు. అటూ ఇటూ నడుస్తూ చాలాచోట్ల జానెడు లోతు తవ్వి తీయాలి. అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురుగా ఉన్న రెండింటిని పారబోయాలి. అలా అరకిలో మిగిలేదాకా చేయాలి. అప్పుడే ఆ అరకిలో మట్టి పొలం మొత్తం తరఫున మాట్లాడుతుంది.

గాలినైతే వడపోత కాగితం గుండా పీల్చి, కాగితం బరువు ముందూ వెనకా తూస్తారు. పెరిగిన బరువే మన ఊపిరితిత్తుల్లోకి వెళ్లే దుమ్ము. ఇక్కడో చిక్కుంది. పీఎం 2.5 అనే సన్నటి ధూళి ఘనపు మీటరు గాలిలో 24 గంటల సగటున 60 మైక్రోగ్రాముల దాకా ఉండొచ్చని మన దేశం 2009లో నిర్ణయించింది. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో ఆ గీతను 15కి దించింది. అంటే 50 ఉన్న గాలి ఒక లెక్కలో పాస్, మరో లెక్కలో ఫెయిల్!

ఎవరూ వెతకని మందు

అందుకే ఎలా కొలవాలన్నదొక్కటే తెలిస్తే చాలదు, దేన్ని కొలవాలో కూడా తెలియాలి. దీనికి మనకు బాగా దగ్గరి ఉదాహరణ పటాన్‌చెరు. అక్కడ 90 దాకా మందుల కంపెనీల వ్యర్థజలాన్ని ఒక ఉమ్మడి కేంద్రం శుద్ధి చేసేది. అలాంటి కేంద్రాల్లో మామూలుగా చూసేది బీవోడీ, లవణాలు లాంటివే. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం శుద్ధయి బయటకొస్తున్న ఆ నీటిలో మందుల కోసమే వెతికింది. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నట్లు 2007లో ప్రకటించింది. రోజుకు సుమారు 45 కిలోల మందు నీటిపాలవుతోందన్నమాట. 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ మొత్తానికి అయిదు రోజులు సరిపోయే మందు అది! 2009లో వచ్చిన మరో అధ్యయనం చుట్టుపక్కల చెరువుల్లో, ఊరి బావుల్లో కూడా మందుల ఆనవాళ్లు పట్టుకుంది.

ఆ మందు మోతాదు తప్పి నీటిలో కలిస్తే క్రిములు దానికి అలవాటు పడిపోతాయి. రేపు పిల్లాడికి జ్వరమొస్తే డాక్టరు రాసే మాత్ర పనిచేయకపోవచ్చు. ఇంత జరిగినా దారి సులువుగా పడలేదు. ఫ్యాక్టరీల వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్స్‌కు పరిమితులు పెడుతూ కేంద్రం 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది. 2021లో వచ్చిన తుది నిబంధనల్లో అవి లేవు. ప్రపంచ ఆరోగ్యసంస్థ మార్గదర్శకాలు 2024లో వచ్చాయి. నిబంధనలో లేనిదాన్ని కూడా వెతికి చూసే మనిషి ఎప్పుడూ కావాలనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

మరి ఎవరు చదవొచ్చు?

ఆంధ్ర విశ్వవిద్యాలయం, జేఎన్‌టీయూ హైదరాబాద్ లాంటి చోట్ల ఈ రంగంలో పీజీ చేయొచ్చు. డిగ్రీలో రసాయనశాస్త్రమో, జీవశాస్త్రమో ఉంటే మేలు. సివిల్ ఇంజినీర్లు ఎంటెక్ వైపు వెళ్లొచ్చు. కాలుష్య నియంత్రణ మండళ్లు, పరీక్ష కేంద్రాలు, పరిశ్రమల్లోని పర్యావరణ విభాగాలు, పరిశోధన... అవకాశాలకు లోటు లేదు. ఎండలో తిరిగే ఓపిక, వచ్చిన అంకెను వచ్చినట్టే రాసే నిజాయతీ మాత్రం ఉండాలి.

ఇక డిగ్రీలో ఆ ఒక్క పుస్తకమే చదివే పిల్లల మాటా? ఊరి చెరువు దాకా వెళ్లి, అందులోకి ఏ కాలువ ఎక్కడి నుంచి వచ్చి కలుస్తోందో చూసి రాసుకు రమ్మనండి. ఆ పుస్తకం అంత తొందరగా అటకెక్కదు!