కాఫీ ఒలికితే కోట్లు వస్తాయా?

అమెరికా గురించి మనవాళ్లు చెప్పుకునే కబుర్లలో కాఫీ కథ ఒకటి. ఓ ముసలావిడ మెక్‌డొనాల్డ్స్‌లో కాఫీ కొనుక్కుందట. చూసుకోక ఒళ్లో ఒలకబోసుకుందట. ‘ఇంత వేడిగా ఎందుకిచ్చారు’ అని కేసు వేస్తే కోర్టు లక్షల డాలర్లు ఇప్పించిందట! ‘అక్కడ కాలు జారినా కాసులే’ అని నవ్వుకుంటాం. కథ నిజమే, కానీ సగమే. మిగతా సగం తెలిస్తే నవ్వు రాదు.

అది 1992లో న్యూమెక్సికో రాష్ట్రం ఆల్బుకర్క్‌లో జరిగింది. ఆవిడకి 79 ఏళ్లు. మనవడు కారు ఆపాడు. పక్క సీట్లో కూర్చున్న ఆవిడ, పాలూ చక్కెరా కలుపుకుందామని కప్పు మోకాళ్ల మధ్య పెట్టుకుని మూత తీసింది. కాఫీ అంతా ఒళ్లో పడింది. తొడలు లోతుగా కాలిపోయాయి. 8 రోజులు ఆస్పత్రిలో ఉంది. వేరేచోటి చర్మం తీసి అతకాల్సి వచ్చింది. ఆవిడ మొదట అడిగింది 20 వేల డాలర్లు. కంపెనీ ఇస్తానన్నది 800!

కేసు కోర్టుకెక్కాక అసలు సంగతి బయటపడింది. ఆ కాఫీని 82 నుంచి 88 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉంచుతున్నారు. అంత వేడి ఒంటిమీద పడితే కొద్ది క్షణాల్లోనే చర్మం కాలిపోతుంది. అంతకుముందు పదేళ్లలో ఇలా కాలిన ఫిర్యాదులు కంపెనీకి 700 పైగా వచ్చాయి. అయినా వేడి తగ్గించలేదు.

1994లో జ్యూరీ నష్టాన్ని 2 లక్షల డాలర్లుగా లెక్కగట్టింది. ‘ఆవిడ జాగ్రత్తగా లేకపోవడం కూడా 20 శాతం కారణం’ అని 40 వేలు కోసేసింది. కంపెనీకి బుద్ధి రావాలని మరో 27 లక్షలు జరిమానాగా వేసింది. అది కంపెనీ రెండ్రోజుల కాఫీ అమ్మకాలతో దాదాపు సమానం. జడ్జిగారు దాన్ని 4.8 లక్షలకు తగ్గించారు. మొత్తం 6.4 లక్షలయింది. చివరికి ఇరువర్గాలూ రాజీపడ్డాయి. ఎంతకన్నది బయటపెట్టలేదు.

నాలుగు ప్రశ్నలు

ఒప్పందంతో సంబంధం లేకుండా ఒకరి తప్పు వల్ల ఇంకొకరికి నష్టం జరిగితే పరిహారం ఇప్పించే చట్టాన్ని ‘టార్ట్’ అంటారు. అందులో పెద్ద భాగం నిర్లక్ష్యానిదే. దెబ్బ తగిలింది కదా అని కోర్టు డబ్బు ఇప్పించదు. నాలుగు ప్రశ్నలు అడుగుతుంది. అవతలివారికి జాగ్రత్తగా ఉండాల్సిన బాధ్యత ఉందా? ఆ బాధ్యత తప్పారా? దానివల్లే దెబ్బ తగిలిందా? నిజంగా నష్టం జరిగిందా? నాలుగింటికీ ‘అవును’ అని రుజువు చేయాల్సింది కేసు వేసినవారే.

దీనికి అరటితొక్కల కేసులకు మించిన ఉదాహరణ లేదు. మసాచుసెట్స్‌లో ఓ ప్రయాణికుడు రైలు దిగి ప్లాట్‌ఫాం మీద తొక్కపై కాలేసి జారిపడ్డాడు. ‘ఆ తొక్కను ఎవరో నిమిషం క్రితమే పడేసి ఉండొచ్చు. రైల్వే వాళ్లు చూసి తీసే వ్యవధి ఏది?’ అంది కోర్టు 1901లో. ఆయన ఓడిపోయాడు. అదే రాష్ట్రంలో 1911లో తీర్పు వచ్చిన మరో కేసులో జారిపడింది ఒక మహిళ. ఈసారి తొక్క నల్లబడి, ఎండి, మట్టికొట్టుకుని, అణిగిపోయి ఉంది. అంటే చాలాసేపట్నుంచి అక్కడే ఉందన్నమాట. సిబ్బంది ఊడ్చి ఉండాల్సింది. ఆవిడ గెలిచింది! తొక్క రంగే తీర్పు చెప్పింది.

మీ తప్పెంత?

కాఫీ కేసులో 20 శాతం కోత చూశాం కదా. ఈ లెక్క రాష్ట్రానికో రకం. కాలిఫోర్నియాలో మీ తప్పు 90 శాతమైనా మిగతా 10 శాతానికి పరిహారం అడగొచ్చు. టెక్సాస్‌లో మీ తప్పు సగం దాటితే పైసా రాదు. వర్జీనియా, మేరీల్యాండ్, నార్త్ కరోలినా, అలబామాల్లో పాత సూత్రమే నడుస్తోంది. అక్కడ మీ వైపు కాస్త తప్పున్నా సాధారణంగా ఏమీ దక్కదు. ఒకే దెబ్బ, ఒకే ఖర్చు... రాష్ట్రం మారితే ఫలితం తారుమారు.

అమ్మానాన్నలు వెళ్తుంటే...

పిల్లల దగ్గరికని ఏటా ఎంతోమంది తల్లిదండ్రులు మన ఊళ్ల నుంచి అమెరికా వెళ్తున్నారు. మంచు పేరుకున్న మెట్టు మీదో, దుకాణంలో తడి నేల మీదో కాలు జారితే తుంటి ఎముక విరగొచ్చు. అక్కడి ఆస్పత్రి బిల్లు గుండె ఆపేస్తుంది. విజిటర్ వీసా మీద వెళ్లినవారు కూడా దావా వేయొచ్చు. ఇలాంటి కేసుల్లో లాయర్లు చాలావరకు ముందు ఫీజు అడగరు. గెలిస్తే వచ్చినదాంట్లో మూడోవంతు దాకా తీసుకుంటారు. కాబట్టి బలంలేని కేసు వాళ్లూ ముట్టుకోరు.

పడింది స్నేహితుల ఇంట్లో అయితే మొహమాటం అడ్డొస్తుంది. ‘పండక్కి పిలిస్తే వాళ్లమీదే కేసా?’ అనిపిస్తుంది. అలాంటి సొమ్మును మామూలుగా చెల్లించేది ఆ ఇంటి ఇన్సూరెన్స్ కంపెనీయే. మరి కొడుకు ఇంట్లోనే పడితే? ఆ ఇంట్లో నివసించే కుటుంబసభ్యులకు ఇంటి పాలసీ సాధారణంగా వర్తించదు. నెలల తరబడి ఉన్న అమ్మానాన్నల్నీ కంపెనీ ఆ లెక్కలోనే వేయొచ్చు. చాలామందికి ఈ సంగతి బిల్లు చేతికొచ్చాకే తెలుస్తుంది.

అందుకే దుకాణంలో పడితే అక్కడే మేనేజర్‌కు చెప్పి రాయించాలి. నేల ఆరకముందే ఫొటో తీయాలి. చూసినవారి ఫోన్ నంబర్లు తీసుకోవాలి. గడువులూ ముఖ్యమే. దావా వేయడానికి కాలిఫోర్నియా, టెక్సాస్‌లలో మామూలుగా రెండేళ్లు, న్యూయార్క్‌లో మూడేళ్లు టైముంటుంది. ప్రభుత్వ స్థలంలో పడితే కాలిఫోర్నియాలో ఆరునెలల్లోపే ముందుగా క్లెయిమ్ పెట్టుకోవాలి.

కోర్టు పరిహారం రావాలంటే అవతలివారి తప్పు నిరూపించాలి. వచ్చేసరికి ఏళ్లు పట్టొచ్చు. ఆస్పత్రి బిల్లు అంతవరకూ ఆగదు. అమ్మానాన్నల టికెట్ కొన్నరోజే విజిటర్ ఇన్సూరెన్స్ కూడా కొనండి. ఏవి వర్తిస్తాయో, ఏవి వర్తించవో బయల్దేరకముందే చదవండి. ఆవకాయ జాడీ ఎలా సర్దాలన్నది ఆ తర్వాత ఆలోచించొచ్చు.