ఆవిరే అయితే ఆ మడ్డి ఎక్కడిది?

పోయిన నెల మా అబ్బాయి హాస్టల్ నుంచి సెలవులకి వచ్చాడు. వాడొచ్చాడంటే రెండు బకెట్ల మాసిన బట్టలు కూడా వచ్చినట్టే. మెషిన్‌లో వేసే ముందు జేబులు తడమడం నాకు అలవాటు. చిల్లర, బస్ టికెట్లు, ఒకసారైతే ఏకంగా హాల్ టికెట్టే దొరికింది. ఈసారి వేళ్లకి బంకగా తగిలింది. జేబు లోపలి గుడ్డకి ముదురు బెల్లం రంగు మరక. మగ్గిన మామిడిపండు వాసన. అందులో పెన్‌డ్రైవ్ కంటే కాస్త పెద్దదిగా ఒక నల్లటి వస్తువు.

చాక్లెట్ ఏదైనా కరిగిందేమో అనుకున్నాను ముందు. పైన నోట్లో పెట్టుకునే చిన్న మూతి చూశాక అర్థమైంది. వేప్. ఈ-సిగరెట్.

కాళ్లల్లో సత్తువ పోయినట్టయింది. మా వారికి చెప్పకుండా దాన్ని పోపులపెట్టె వెనక దాచేశాను. ఆయన ఆఫీసుకి వెళ్లాక వాడిని వంటింట్లోకి పిలిచి, గట్టు మీద పాత పేపర్ పరిచి, దాని మీద పెట్టాను.

"అది సిగరెట్ కాదమ్మా. ఉత్తి ఫ్లేవర్ ఆవిరి. పొగ కూడా రాదు" అన్నాడు.

"ఆవిరే అయితే ఈ మడ్డి ఎక్కడిది నాన్నా?" అన్నాను.

నేను చదివింది బీకాం. కెమిస్ట్రీ నాకు రాదు. కానీ ఇరవై రెండేళ్లుగా గిన్నెలు తోముతున్నాను. ఇడ్లీ పాత్ర మూత తీసి తుడిస్తే గుడ్డకి నీళ్లే అంటుతాయి. అది ఆవిరి. పాకం మాడిన గిన్నె అడుగున నల్లగా, బంకగా పట్టుకునేది వేరు. అది వండినదాని ఆనవాలు.

వాడి చేతే విప్పించాను. లోపల ఒక సన్నటి తీగ చుట్ట, దాన్ని ఆనుకుని దూది. తెల్లగా ఉండాల్సిన దూది కొండెక్కిన దీపంలో వత్తిలా నల్లబడి ఉంది. చుట్టూ నల్లేరు గుజ్జంత చిక్కగా బంక. వాడు కూడా అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదట. "మాడు రుచి వస్తే పాడ్ మార్చేస్తామమ్మా" అన్నాడు. రుచి మారేదాకా పీలుస్తూనే ఉన్నాడన్నమాట.

ఆ తర్వాత రెండు రోజులు కూర్చుని చదివి తెలుసుకున్నది చెబుతాను. ఆ ద్రవంలో ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, నికోటిన్, రుచి కోసం కలిపే రసాయనాలు ఉంటాయి. చాలావాటిలో సుక్రలోజ్ లాంటి తీపి పదార్థం కూడా ఉంటుంది. తీగ వేడెక్కినప్పుడు ద్రవం ఆవిరవుతుంది గానీ, ఆ తీపి, రుచులు పూర్తిగా ఆవిరవవు. పాకంలా మాడి తీగకే అంటుకుంటాయి. తీపి ఎక్కువైతే మడ్డి ఎక్కువ. మడ్డి పట్టిన తీగ మీదే మళ్లీ మళ్లీ కాలుస్తుంటే ఫార్మాల్డిహైడ్, ఎక్రోలిన్ లాంటివి పెరుగుతాయి. నూనె మాడినప్పుడు కళ్లు మండించే ఘాటు ఉంటుంది చూశారూ, అందులో ఉండేది ఈ ఎక్రోలినే. తీగలోంచి నికెల్, క్రోమియం, సీసం లాంటి లోహాలు కూడా ఆ ఆవిరిలో కలుస్తాయని 2018లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు చెప్పారు. మనమైతే ఒకసారి కాగిన నూనెలోనే మళ్లీ మళ్లీ బజ్జీలు వేస్తుంటే ఆ బండి దగ్గర కొనం. అదే పిల్లలు దాన్ని ఊపిరితిత్తుల్లోకి పీలుస్తున్నారు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. సిగరెట్‌లో పొగాకు కాలినప్పుడు పుట్టే విషాలతో పోలిస్తే వీటిలో తక్కువేనని డాక్టర్లే అంటున్నారు. బ్రిటన్‌లో సిగరెట్ మానాలనుకునే పెద్దవాళ్లకి దీన్ని ఒక దారిగా చెబుతారు కూడా. కానీ మా వాడు ఏ సిగరెట్ మానడానికి మొదలుపెట్టాడు? ఏ అలవాటూ లేని పిల్లాడికి ఇది తక్కువ చెడు కాదు, కొత్త చెడు.

మన దేశంలో ఇది నిషేధం. 2019 సెప్టెంబరులో ఆర్డినెన్స్ తెచ్చారు, అదే ఏడాది చట్టం చేశారు. తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన, అన్నీ నేరమే. మొదటిసారి పట్టుబడితే ఏడాది దాకా జైలు గానీ లక్ష దాకా జరిమానా గానీ, రెండూ గానీ. అయినా పిల్లల చేతుల్లోకి వస్తోందంటే దొంగచాటుగా వస్తోందనేగా. దొంగచాటు సరుకులో ఏం కలిపారో ఎవరు చూస్తారు? 2019-20లో అమెరికాలో వేపింగ్ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని 2,800 మందికి పైగా ఆస్పత్రుల పాలయ్యారు. 2020 ఫిబ్రవరి నాటికి 68 మంది చనిపోయారు. ఎక్కువ కేసుల్లో కారణం గంజాయి నూనె వేప్‌లలో చిక్కదనం కోసం కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్. దొంగ సరుకు ఎంత పని చేస్తుందో అక్కడ చూశాం.

ఇంకో సంగతి మన ఆడవాళ్లకే సంబంధించింది. ఆ బంకలో నికోటిన్ ఉంటుంది, అది చర్మంలోంచి కూడా ఒంట్లోకి వెళ్తుంది. మన ప్రకాశం జిల్లాలాంటి చోట్ల పొగాకు పండిస్తారు కదా. తడి ఆకు కోసే కూలీలకి తల తిరిగి వాంతులు కావడం తెలిసిన జబ్బే. బట్టలు ఉతికేది మనం, లేదంటే మన పనమ్మాయి. తియ్యటి వాసన వేస్తే నోట్లో పెట్టుకునే పసిపిల్లలున్న ఇళ్లు మరీ జాగ్రత్త. 2014లో న్యూయార్క్ రాష్ట్రంలో ఏడాది పిల్లాడు ద్రవ నికోటిన్ మింగి చనిపోయాడు. కనిపిస్తే ఉత్తి చేత్తో ముట్టుకోకండి, అంటితే సబ్బుతో కడగండి. పిల్లలు నోట్లో పెట్టుకున్నారని అనుమానమొచ్చినా ఆగకుండా ఆస్పత్రికి పరుగెత్తండి. లోపల లిథియం బ్యాటరీ ఉంటుంది కాబట్టి చెత్తబుట్టలో వేయకూడదు, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకే ఇవ్వాలి.

మా అమ్మమ్మది శ్రీకాకుళం వైపు పల్లె. అడ్డపొగ తాగేది. అంటే నిప్పున్న కొస నోటి లోపల పెట్టుకుని చుట్ట కాల్చడం. ఆ ఊళ్లో ఆడవాళ్లు చాలామంది అలాగే తాగేవారు. "ఏమవదే, పళ్ల నొప్పికి మంచిది" అనేది. నేను ఏడో క్లాసులో ఉండగా అంగిట్లో పుండు పడి, గంజి కూడా మింగలేక పోయింది. అప్పట్లో ఆవిడ "ఏమవదే" అన్న మాటే మా వాడు "ఉత్తి ఆవిరమ్మా" అన్నప్పుడు వినిపించింది నాకు.

సాయంత్రానికి మా వారికి చెప్పేశాను. దాచి సాధించేదేముంది? ఆయన అరిచారు. వాడు తలొంచుకుని, "మరి మీరు బాల్కనీలో చేసేదేంటి నాన్నా?" అన్నాడు. ఇల్లంతా నిశ్శబ్దం. ఆ ప్రశ్న నేను పాతికేళ్లలో గట్టిగా అడగలేదు. గుమ్మం దాటి బాల్కనీలో కాలిస్తే చాల్లే అని సర్దుకున్నాను. మడ్డి ఆ పాడ్‌లోనే కాదు, మా ఇంట్లోనూ పేరుకుంది.

నా అభిప్రాయం ఇదీ. ఇలాంటిది బయటపడితే పరువు పోతుందని దాచొద్దు, కొట్టొద్దు. దాన్ని విప్పి వాళ్లకే చూపించండి. మనం వంద మాటలు చెప్పినా ఎక్కనిది ఆ నల్లటి దూది చెబుతుంది. తర్వాత ఇంట్లో పెద్దవాళ్ల అలవాట్లు కూడా అదే గట్టు మీదకి రావాలి. మానడానికి సాయం చేసే 1800-11-2356 అనే ఉచిత నంబరు ఉంది. నాకెక్కడ దొరికిందో తెలుసా? మా వారి సిగరెట్ ప్యాకెట్ మీదే.

ఇద్దరూ ఫోన్ చేశారు. వాడు మానేశానంటున్నాడు. ఆయన రోజుకి రెండుకి వచ్చారు. నమ్ముతున్నాను. జేబులు తడమడం మాత్రం మానలేదు, అబద్ధం చెప్పను.