జీవితానికి వ్యాలిడిటీ ఎంత?

ఫోన్ రీచార్జ్ అయిపోతోందని మెసేజ్ వస్తేనే మనకు చిరాకు. అలాంటిది, ‘ఈ దేశంలో మీరు ఉండే గడువే అయిపోతోంది’ అంటే? దక్షిణాఫ్రికాలో సుమారు 1,78,000 మంది జింబాబ్వే వాళ్లు ఏళ్ల తరబడి ఈ టెన్షన్‌తోనే బతుకుతున్నారు.

2008 నాటికి జింబాబ్వే డాలర్ చిత్తుకాగితం అయిపోయింది. 2009 జనవరిలో ఏకంగా 100 లక్షల కోట్ల డాలర్ల నోటు అచ్చేశారు! చేతినిండా నోట్లున్నా కొనడానికి షాపుల్లో సరుకుల్లేవు. లింపోపో నది దాటితే దక్షిణాఫ్రికా. జనం దాటేశారు.

అంతమందిని వెనక్కి పంపలేక, పూర్తిగా తమలో కలుపుకోలేక, దక్షిణాఫ్రికా ప్రభుత్వం 2009లో ఓ ప్రత్యేక పర్మిట్ ప్రకటించింది. 2014లో ఒకసారి, 2017లో మరోసారి పేరు మార్చి కొనసాగించింది. మెలిక ఏంటంటే, ఎన్నేళ్లు ఉన్నా శాశ్వత నివాసం మాత్రం అడగకూడదు.

2021లో ‘ఇక రెన్యువల్ లేదు’ అంది. సర్దుకోవడానికి ముందు 2022 డిసెంబర్ దాకా టైమిచ్చింది. తర్వాత 2023 జూన్ అంది. ఆ నెలలోనే ప్రిటోరియా హైకోర్టు, వాళ్ల మాట సరిగా వినకుండా తీసుకున్న ఈ నిర్ణయం చెల్లదని తేల్చింది. ఆ గడువు కాస్తా 2025 నవంబర్‌కి, అక్కణ్నుంచి 2027 మేకి జరిగింది.

‘పెంచారుగా, ఇంకేంటి?’ అనొచ్చు. రెండేళ్ల గడువు కాగితం చూసి ఏ బ్యాంకు ఇంటి లోన్ ఇస్తుంది చెప్పండి? అక్కడే పుట్టి, అక్కడే బడికెళ్తున్న పిల్లలకు ‘మన ఊరు’ ఏదని చెప్పాలి?

అవతలి పక్షం కోపమూ ఉత్తిదేం కాదు. దక్షిణాఫ్రికాలో నిరుద్యోగం 30 శాతం పైనే. కానీ లెక్క చూడండి: పని లేనివాళ్లు 70 లక్షలకు పైనే, ఈ పర్మిట్లు రెండు లక్షల లోపే. వీటిని రద్దు చేసినంత మాత్రాన ఆ మనుషులంతా వెళ్లిపోరు. చాలామంది కాగితాల్లేని కూలీలవుతారు. అప్పుడు సగం జీతానికి పనిచేయించుకునే యజమానికే లాభం, స్థానిక కుర్రాడికి ఇంకా నష్టం.

జింబాబ్వేకీ తొందర లేదు. వాళ్లు పంపే డబ్బు కావాలి, తిరిగొస్తే ఇవ్వడానికి ఉద్యోగాల్లేవు.

నా ఉద్దేశంలో, పదిహేనేళ్లు దాటాక దేన్నైనా ‘తాత్కాలికం’ అనడం పాలసీ కాదు, తప్పించుకోవడం. ఇన్నేళ్లు చట్టప్రకారం ఉన్నవాళ్లకు శాశ్వత నివాసానికి దారి చూపాలి. అది కుదరదంటే ఆ మాట మొదటి ఏడాదే చెప్పాల్సింది. అక్కడే ఓ తరం పిల్లలు పెరిగాక కాదు.