బల్లకి పరికిణీ ఏందే!

మా హాల్లో సోఫాకీ బాల్కనీ తలుపుకీ మధ్య మూడడుగుల మూల ఒకటుంది. ఇంటికి ఎవరొచ్చినా చెప్పులు విప్పగానే వాళ్ల కళ్లు ముందు అక్కడికే పోతాయి. నిజాంపేటలో అద్దె ఫ్లాట్ మాది. గోడకి మేకు కొడితే అడ్వాన్సులో కోత అని ఓనరుగారు మేం దిగిన రోజే చెప్పేశారు. అందుకని నాకు నచ్చిన పెయింటింగులు, షెల్ఫులు, అద్దాలు అన్నీ నా ఫోన్లోని సేవ్డ్ ఫోల్డర్లోనే వేలాడుతున్నాయి.

ఆ ఫోల్డర్లోకి ఒక రాత్రి ఈ బల్ల వచ్చి చేరింది. చిన్న గుండ్రటి బల్ల. పైనుంచి నేల దాకా కుచ్చులు కుచ్చులుగా గుడ్డ. మీద ఒక ల్యాంపు, రెండు పుస్తకాలు, గాజు సీసాలో ఒక ఆకు. దీన్ని స్కర్టెడ్ యాక్సెంట్ టేబుల్ అంటారట. సెంటర్ టేబుల్లా రోజూ టీ కప్పులు మోసే బల్ల కాదిది. ఓ మూల నిలబడి గదికి కాస్త కళ తెస్తుంది, అంతే దాని పని. గోడకి మేకు అక్కర్లేదు, డ్రిల్లింగ్ అక్కర్లేదు, ఇల్లు మారితే మడిచి బ్యాగులో పెట్టుకోవచ్చు. పైగా గుడ్డ వెనక ఏముందో ఎవరికీ తెలీదు. వైఫై వైర్లా, ఆన్‌లైన్ ఆర్డర్ల అట్టపెట్టెలా, పాత చెప్పులా... అన్నీ మాయం.

అమ్మకి ఫోన్ చూపిస్తే కళ్లజోడు పైకి తోసి చూసి, "బల్లకి పరికిణీ ఏందే!" అంది.

నవ్వొచ్చింది కానీ ఆ పరికిణీకి మనతో పెద్ద చుట్టరికమే ఉంది. 1980ల్లో అమెరికాలో ఇలా గదినిండా పూల గుడ్డలు వేసి అలంకరించడం జోరుగా నడిచింది. మారియో బువాటా అనే డెకరేటర్‌ని 'ప్రిన్స్ ఆఫ్ చింట్జ్' అనే పిలిచేవాళ్లు. ఆ చింట్జ్ అంటే పూలపూల అద్దకం నూలు గుడ్డ. 17వ శతాబ్దంలో అది ఓడలెక్కి యూరప్ వెళ్లింది మన కోరమండల్ తీరం నుంచి కూడా. మచిలీపట్నం అప్పట్లో పెద్ద రేవు. అక్కడివాళ్లు ఎంత ఎగబడి కొన్నారంటే సొంత నేతగాళ్లు గోల పెట్టారు. ఫ్రాన్సు 1686లో నిషేధించింది. బ్రిటన్ 1721 చట్టంలో అద్దకం నూలు గుడ్డ ఒంటిమీదే కాదు, ఇంట్లో సామానుకి కూడా వాడొద్దంది. మన అమ్మమ్మలు 'చీటీ గుడ్డ' అనేవాళ్లే, ఆ చుట్టమే ఇది. కాబట్టి ఎవరైనా వెస్టర్న్ స్టయిల్ అని ఎగతాళి చేస్తే పెడన కలంకారీ గుడ్డొకటి తెచ్చి బల్లకి కట్టండి. మన ఊరి గుడ్డ మన ఇంటికే వచ్చిందనుకోవాలి.

సరే, నాకు గుండ్రటి బల్ల కొనాల్సిన అవసరం రాలేదు. ఆ మూలలో అప్పటికే ఒక బల్లుంది. నా సమస్యే అది.

అమ్మ కుట్టు మిషను. కాలితో తొక్కేది. నాన్న పోయాక తెనాలిలో ఇల్లు ఖాళీ చేసి అమ్మ నా దగ్గరికి వచ్చేసింది. బీరువా వదిలేసింది, మంచం వదిలేసింది, మిషను మాత్రం పార్సిల్ ఆఫీసులో దగ్గరుండి లారీ ఎక్కించింది. తల లోపలికి దించి పైన పలక మూసేస్తే మామూలు బల్ల అయిపోయే రకం. కింద ఇనప కాళ్లు, తొక్కుడు పలక, పక్కన చక్రం. అక్కడక్కడా తుప్పు. పలక అంచున ఉన్న అంగుళాల గీతలు అమ్మ చెయ్యి రాసుకుని రాసుకుని ఎప్పుడో చెరిగిపోయాయి. బ్లౌజులు, లంగాలు, స్కూలు యూనిఫారాలు. నా ఇంజినీరింగ్ ఫీజులో సగం ఆ చక్రం తిరిగితేనే వచ్చింది. ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా ఆఫీసు వాళ్లని ఇంటికి పిలవాలంటే ఆ తుప్పు కాళ్లే గుర్తొచ్చేవి.

"అమ్మా, దీనికే కుట్టేద్దామా స్కర్టు?" అన్నాను.

"దీనికా?" అని ఒక్క క్షణం ఆగి, "మూసేస్తే మళ్లీ తీసేదుందా?" అంది.

"ఇంకా ఎవరికి కుడతావమ్మా? హాయిగా రెస్ట్ తీసుకో."

"సరేలే, కుడతా" అంది. మెడలో టేపు వేసుకుని కొలతలు మొదలుపెట్టింది.

ఆ కొలతలు మీకూ పనికొస్తాయి కాబట్టి చెప్తాను. మా బల్ల పొడవు 34 అంగుళాలు, వెడల్పు 17, ఎత్తు 30. వెనక గోడ ఉంది కాబట్టి మూడు వైపులకే గుడ్డ కావాలి. 34, 17, 17 కలిపితే 68. కుచ్చులు నిండుగా రావాలంటే దానికి రెట్టింపు, అంటే 136 అంగుళాలు. మూడున్నర మీటర్లు అనుకోండి. నేను కొత్త గుడ్డ కొందామంటే అమ్మ ఒప్పుకోలేదు. తన మంగళగిరి నూలు చీర తీసింది. ఆకుపచ్చది, చెంగు దగ్గర చిరిగింది. చీర అయిదున్నర మీటర్లు కదా, చెంగు వదిలేసినా సరిపోయి ఇంకా మిగిలింది. పైగా చీరని అడ్డంగా వాడితే జరీ అంచు సరిగ్గా నేల దగ్గరికి వస్తుంది. అంచు నేతలోనే ఉంటుంది కాబట్టి కింద మడిచి కుట్టే పనే లేదు. ఈ తెలివి నాకు ఏ రీలూ చెప్పలేదు.

గుండ్రటి బల్లకి లెక్క వేరే. బల్ల వ్యాసానికి ఎత్తుని రెండుసార్లు కలపాలి. 24 అంగుళాల బల్ల, 28 ఎత్తు అయితే 80. నేలకి తగలకుండా రెండువైపులా అరంగుళం చొప్పున తగ్గించి, మడతకి అంగుళం చొప్పున కలిపితే 81 అంగుళాల గుండ్రం కత్తిరించాలి. షాపులో గుడ్డ పన్నా 44 ఉంటుంది కాబట్టి అతుకు తప్పదు. ఆ అతుకు బల్ల నడినెత్తిన వస్తే పాపిడి తీసినట్టు ఉంటుంది. ఒక ముక్క నిండుగా మధ్యలో పెట్టి, రెండో ముక్కని నిలువునా సగానికి చీల్చి చెరో పక్కా వేస్తే అతుకులు కుచ్చుల్లో కలిసిపోతాయి. నాలుగుంబావు మీటర్లు తీసుకుంటే చాలు.

అరంగుళం ఎందుకు తగ్గించాలి అంటారా? రీల్స్‌లో గుడ్డ నేలమీద పరుచుకుని అందంగా ఉంటుంది. మన ఇళ్లలో రోజూ తడిగుడ్డ పెడతాం. నేలకి తగిలిన గుడ్డ ఆ నీళ్లన్నీ తాగేసి వారానికే నల్ల అంచు వేసుకుంటుంది. ఒక వేలు దూరేంత సందు ఉండాలి. నూలు గుడ్డైతే కత్తిరించే ముందు ఒకసారి తడిపి ఆరబెట్టాలి, లేకపోతే మొదటి ఉతుకుకే పొట్టిదైపోతుంది. మాది పాత చీర కాబట్టి ఆ బాధ లేదు. పల్చగా ఉండి వెనక ఇనప కాళ్లు కనిపిస్తున్నాయని అమ్మ లోపల లైనింగుగా నాన్న తెల్ల పంచె వేసింది. లేతగా గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే కుచ్చులు నిలబడ్డాయి. గంజి ఎక్కువైతే మాత్రం గొడుగులా విచ్చుకుంటుంది, జాగ్రత్త. బల్లకి వెల్క్రో అంటించాం. మేకులూ స్టేపుల్ పిన్నులూ కొడితే ఉతకడానికి రాదు, నెల తిరిగేసరికి వెనక బొద్దింకలు కాపురం పెడతాయి. దారం, వెల్క్రో, గమ్ము అన్నీ కలిపి మూడొందలు దాటలేదు.

ఇంకో మాట. ఇన్వర్టర్ బ్యాటరీని మాత్రం దీని కింద దాచకండి. చార్జ్ అయ్యేటప్పుడు అందులోంచి గ్యాస్ వస్తుంది, దానికి గాలి ఆడాలి. పైన అగరొత్తులు, దీపం అసలే వద్దు.

రాత్రి పదకొండు దాకా కుట్టింది అమ్మ. నేను ల్యాప్‌టాప్ ముందున్నాను. టకటక ఆగిపోతే తలెత్తి చూశాను. బెల్టు తప్పించింది. సూది ఊడదీసి చిన్న డబ్బాలో పెట్టింది. బాబిన్ తీసింది. నూనె చుక్కలు వేసి, పాత బనీను ముక్కతో తల మొత్తం తుడిచింది. తర్వాత తల లోపలికి దించి పలక మూసింది. "ఇట్టా పట్టుకో" అని స్కర్టు ఒక కొస నాకిచ్చింది. ఇద్దరం కలిసి చుట్టూ అంటించాం.

చెప్పొద్దూ, అదిరిపోయింది. ల్యాంపు వెలిగిస్తే ఆకుపచ్చ మీద జరీ అంచు మెరుస్తోంది. హాలే మారిపోయింది. ఫొటో స్టోరీలో పెడితే లింక్ పంపమని ఎంతమంది అడిగారో. ఆ ఆదివారం ఆఫీసు వాళ్లని నలుగుర్ని భోజనానికి పిలిచాను. అందులో ఒకమ్మాయి బల్ల దగ్గర కూర్చుని గుడ్డ చేత్తో నిమిరి, "సూపర్ ఉందే! కింద ఏంటి?" అంది.

"ఏం లేదు, ఏదో పాత సామాను" అన్నాను.

వెనక్కి తిరిగితే అమ్మ. చేతిలో మజ్జిగ గ్లాసుల ట్రే. ఏమీ అనలేదు. అందరికీ గ్లాసులు ఇచ్చి లోపలికి వెళ్లింది.

రాత్రి గిన్నెలు సర్దుతూ నాకు నేనే చెప్పుకున్నాను, అమ్మ విని ఉండదులే అని. విన్నదని నాకు తెలుసు.

రెండు వారాల తర్వాత ఒకరోజు తలనొప్పని మధ్యాహ్నమే ఇంటికొచ్చేశాను. అమ్మ ఆ బల్ల పక్కనే ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, బాల్కనీ వెలుతురులో కూర్చుని ఉంది. ఒళ్లో ఎదురింటి పిల్లాడి స్కూలు నిక్కరు. చేత్తో కుడుతోంది. పక్కన కవర్లో ఇంకా మూడు బ్లౌజులు ఉన్నాయి.

"ఇదేంటమ్మా, చేత్తోనా?"

"చేతులు ఊరుకోవుగా. ఎదురింటమ్మాయి అడిగింది, పైనింటావిడ కూడా ఇచ్చింది."

"మరి మిషను తీసుకోవచ్చుగా?"

"దీపం తీయాలి, పుస్తకాలు తీయాలి, ఆ సీసా తీయాలి, పరికిణీ ఊడదీయాలి. నువ్వొచ్చేలోపు మళ్లీ అన్నీ నువ్వు పెట్టినట్టే పెట్టాలి. ఎందుకులే, చెదిరిపోద్ది."

రోజూ నేను ఆఫీసుకి వెళ్లాక కుట్టి, నేనొచ్చేలోపు కవరు మంచం కింద పెట్టేస్తోందట. తుప్పు కాళ్లని దాచడానికి నేను గుడ్డ కట్టాను. అమ్మేమో తన పనే దాచుకుంటోంది, నా హాలు చెదరకుండా. తలనొప్పి మాట మర్చిపోయాను. సారీ అందామనుకున్నాను, మా ఇంట్లో ఆ మాట వాడుకలో లేదు. "మిగిలిన చీర ముక్క ఎక్కడుంది?" అన్నాను.

ఆ సాయంత్రం స్కర్టుని మళ్లీ విప్పాం. ఒకటే ముక్కగా ఉన్నదాన్ని మూడు చేసింది అమ్మ. ముందు భాగాన్ని మధ్యకి చీల్చి, మిగిలిన చీర ముక్క అతికి, ఒకదానిమీద ఒకటి నాలుగంగుళాలు పడేలా కుట్టింది. మూసినప్పుడు చీలిక కనిపించదు. కుట్టేటప్పుడు కర్టెన్లలా రెండు పక్కలకీ లాగి రిబ్బనుతో కట్టేస్తుంది. కుడివైపు ముక్క మాత్రం పూర్తిగా ఊడదీస్తుంది, లేకపోతే గుడ్డ వెళ్లి చక్రంలో పడుతుంది. పైనున్న పుస్తకాలూ సీసా అన్నీ ఒక ట్రేలో సర్దాను. ట్రే ఎత్తి సోఫామీద పెడితే బల్ల ఖాళీ. అంతా కలిపి రెండు నిమిషాల పని. మీ ఇంట్లో కూడా ఇలాంటి బల్ల కింద రోజూ వాడే వస్తువు ఏదైనా ఉంటే, నాలాగా రెండుసార్లు కుట్టించకుండా మొదటే ముందు చీలిక పెట్టించండి.

ల్యాంపు ఉంచాం కానీ అందులో పసుపు వెలుతురు బల్బుకి అమ్మకి సూదిలో దారం ఎక్కలేదు. తెల్లది పెట్టాం. ఫొటోల్లో ఇప్పుడు మునుపటంత బాగా రావట్లేదు, ఒప్పుకుంటాను. చాలాసార్లు నేనొచ్చేసరికి పరికిణీ పక్కకి కట్టేసే ఉంటుంది. కింద తుప్పు కాళ్లు, చుట్టూ దారప్పోగులు.

మొన్న ఆదివారం ఆ ఆఫీసు అమ్మాయి మళ్లీ వచ్చింది. అమ్మ మిషనుమీదే ఉంది. "ఓ, కింద ఉన్నది ఇదా!" అని ఆశ్చర్యపోయి, "అవును, మా అమ్మది" అని నేను అనేలోపే బ్యాగులోంచి కుర్తా తీసింది. ఆన్‌లైన్లో కొన్నదట, చేతుల దగ్గర పట్టేస్తోందట. అమ్మ కుట్లు విప్పి, లోపలున్న గుడ్డ వదిలి పావుగంటలో సరిచేసి ఇచ్చింది. తర్వాత అరవై రూపాయలు అడిగి తీసుకుంది.

ఆ అమ్మాయి వెళ్లాక, "నా ఫ్రెండ్ దగ్గర డబ్బులేంటమ్మా?" అన్నాను.

"నీకు ఫ్రెండు. నాకు గిరాకీ" అంది, దారం కొస పంటితో తెంపుతూ.