యాప్రాల్‌లో మొక్కకి హీటరా?

డిసెంబరు వచ్చిందంటే మన సాఫ్టువేరు జనాలకి ఓ దిగులు పట్టుకుంటుంది. ఇంట్లో మట్టి లేకుండా నీళ్ళలో పెంచుతున్న మొక్కలు ఎదగట్లేదట, ఏ హీటరు కొనాలో చెప్పాలట! అడిగేది మిన్నెసోటాలో ఉన్న తమ్ముడైతే అర్థముంది. యాప్రాల్‌లో ఉన్నవాళ్ళకేం వచ్చిందండీ?

చలి లేదనను. 1946 జనవరిలో హైదరాబాదులో 6.1 డిగ్రీలు నమోదైంది. కానీ అది బయటి సంగతి. ఇంట్లో మొక్కని వణికించేది చాలాసార్లు గ్రానైటు నేల. టబ్బుని దానిమీద పెడితే రాత్రంతా ఆ చల్లదనం వేళ్ళకి ఎక్కుతుంది. టీవీతో వచ్చిన థర్మోకోలు ముక్క కింద పరవండి. లైట్లు రాత్రి వెలిగేలా టైమరు మార్చండి, ఆ వేడీ కలిసొస్తుంది.

అసలు పెంచేదేంటి? లెట్యూస్‌కి, పాలకూరకి ఈ చలే ఇష్టం, నీళ్ళు 18-22 డిగ్రీలుంటే చాలు. టమాటా, మిరప ముడుచుకుంటాయి, నిజమే. సంక్రాంతి దాటాక మొదలెట్టండి, రిలీజు డేటేం కాదుగా!

హీటరు పెట్టి నీళ్ళని 30 దాకా తోస్తే ఏమవుతుందో చూడండి. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్ళలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 దగ్గర ఏడున్నరే. వేళ్ళకి కావలసింది పెరుగుతుంది, దొరికేది తగ్గుతుంది. అదను చూసి పిథియం చేరుతుంది, వేళ్ళు గోధుమరంగు తిరిగి జిగటగా కుళ్ళిపోతాయి. 100 వాట్ల హీటరు పదిగంటలు నడిస్తే ఒక యూనిట్టు. అంటే కరెంటు బిల్లు కట్టి మరీ కుళ్ళబెట్టుకోవడం.

నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. శామీర్‌పేట దాటితే యాసంగి వరినారు పోసే రైతుకీ ఇదే సమస్య. వడ్లు నానబోసి, గోనెసంచిలో మండె కట్టి వెచ్చగా మొలకెత్తిస్తాడు. నారుమడి మీద రాత్రి పట్టా కప్పి పొద్దున తీసేస్తాడు. రాత్రి చల్లబడ్డ నీళ్ళు వదిలేసి కొత్త నీళ్ళు పెడతాడు. థర్మోస్టాటూ లేదు, యాపూ లేదు. మనం ఆ రోడ్డుమీదే కారులో పోతూ, కెనడావాడి వీడియో చూసి ఆర్డరు పెడతాం.

మిరపగింజ మొలవడానికి మాత్రం 25-30 డిగ్రీలు కావాలి. తడిగుడ్డలో చుట్టి, మూతున్న డబ్బాలో పెట్టి ఫ్రిజ్ మీద ఉంచండి. ఇక మే నెలొస్తే ఇవే టబ్బుల్లోకి ఐసు బాటిళ్ళు దించుతారు, అప్పుడా హీటరు ఏ అటకెక్కుతుందో మరి!