పథ్యం ఎవరిది? చాకిరీ ఎవరిది?

మగవాడికి షుగరొస్తే ఇల్లంతా పథ్యం పడుతుంది. ఆడదానికి బీపీ వస్తే ఆవిడ ఒక్కతే చప్పిడి తింటుంది. మా ఇంట్లో నేను చూసిందీ ఇదే. నాన్నని అన్నం తగ్గించమన్న డాక్టరు చీటీ మాత్రం అమ్మ చేతికిచ్చాడు. ఆయన నోరు చప్పబడకూడదని సొరకాయ పచ్చడి, మెంతికూర పప్పు, గుత్తివంకాయ... రోజుకో రుచి. తర్వాత అమ్మకి బీపీ వచ్చింది. ఆ చీటీ కూడా అమ్మ చేతికే! కూరల్లో ఉప్పు ఎప్పట్లాగే పడింది. తను మాత్రం చప్పటి మజ్జిగన్నంతో సరిపెట్టుకుంది. దీనికి ప్రేమ అనీ త్యాగం అనీ పేర్లు పెట్టి మనమే ఎన్నో కథలు రాసుకున్నాం.

పెద్దవాళ్లు రోజుకి 5 గ్రాముల లోపే ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అది రోగులకే కాదు, అందరికీ. మరి అమ్మకి వేరే గిన్నె ఎందుకు? అందరి కూరలోనూ ఉప్పు తగ్గించి చింతపండు, వెల్లుల్లి, జీలకర్ర, కొత్తిమీరతో రుచి తేవచ్చు. ఆవకాయ, అప్పడం తగ్గించుకోవచ్చు. జబ్బు చేసిన మనిషికి కమ్మటి భోజనం హక్కే. ఆ మనిషి ఆడదైతే వండిపెట్టేదెవరు? ఈ ప్రశ్న డాక్టర్లు అడగాలి. భర్తలూ కొడుకులూ వంటింట్లోకి వచ్చి జవాబు చెప్పాలి.